బొటనవేలి గీతలు

మా అత్తగారి బొటనవేళ్ల మీద గీతలు లేవు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ సంగతి నాకు తెలియదు, ఆవిడకూ తెలియదు. సుంగై పెటానిలో గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసుకి వెళ్లి, గాజుపలక మీద వేలు పెట్టమన్నప్పుడు బయటపడింది. కుడి వేలు పెడితే యంత్రం కీచుమంది. ఎడమ వేలు పెడితే మళ్లీ కీచుమంది. తుడిచి పెట్టించారు, తడిచేసి పెట్టించారు, పైనుంచి నొక్కి పెట్టించారు. ఎన్నిసార్లు పెట్టినా తెరమీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు.

కౌంటరులో ఉన్న అమ్మాయి మంచిది. మనం పిన్నీ అని పిలిచినట్టు 'మక్‌చిక్' అని పిలుస్తూ, మలయ్‌లో నెమ్మదిగా చెప్పింది. చేతులకి కొన్ని వారాలు విశ్రాంతినిచ్చి, ఏదైనా క్రీము రాసుకుని మళ్లీ రమ్మంది. అప్పటికీ పడకపోతే, ఈవిడకి వేలిముద్ర లేదని డాక్టరు చేత రాయించుకొస్తే ఇంకో దారి ఉందంది. ఆ రెండో మాట వినగానే మా అత్తగారు లేచి నిలబడ్డారు. ఆ రోజు పెళ్లికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టుకొచ్చారు. కొంగు సర్దుకుని, నా వైపు చూడకుండా కారు దాకా నడిచారు.

కారెక్కాక ఒక్క మాట అన్నారు.

"పుట్టినట్టు కాయితం నేదన్నారు, సరే అన్నాను. ఇప్పుడు ఏలు కూడా నేదని రాయించుకోమంతారేటి? నాను రాయించుకోను, కనకా."

కనక నా పేరు. ఆవిడ పేరు సీత. ఈ ఊరికి దగ్గర్లోనే, రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇళ్లలో పుట్టారు. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలయ్ దేశానికి వచ్చినవాళ్లు. పుట్టినప్పుడు ఎవరూ వెళ్లి పేరు రాయించలేదు. దాంతో బతుకంతా ఎర్ర కార్డే అయింది. ఎర్ర కార్డంటే ఇక్కడ ఉండొచ్చు, కష్టపడొచ్చు, చచ్చిపోవచ్చు, ఈ దేశపు మనిషివి మాత్రం కావు. మా మామగారు తాతబాబు ఆ ఎర్ర కార్డుతోనే పోయారు. మా ఆయన జగదీష్ పుట్టగానే పేరు రాయించారు కాబట్టి అతనిది మొదటినుంచీ నీలం కార్డు, అంటే ఈ దేశపు మనిషే. నేను కాకినాడ నుంచి చదువుకోడానికి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయినదాన్ని. ఏ దేశానికి చెందుతానో నాకెప్పుడూ సందేహం లేదు కాబట్టి, ఆ ఎర్రకీ నీలానికీ మధ్య ఉన్న బాధ అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ నీలం కార్డు కోసం ఆవిడ దరఖాస్తు పెడుతూనే ఉన్నారు, వాళ్లు కాదంటూనే ఉన్నారు. చివరికి మొన్న ఒప్పుకున్నారు. ఇక మిగిలింది వేలిముద్ర ఒక్కటే.

ఆ గీతలు ఎక్కడికి పోయాయంటే, అందులో వింతేమీ లేదు. గౌను వేసుకునే వయసు నుంచి రబ్బరు చెట్లు గీశారు. ఆ రబ్బరు పాలు గడ్డకట్టడానికి రేకు తొట్లలో ఉత్త చేతుల్తో ఆసిడ్ కలిపారు. ఎస్టేటు మూతబడ్డాక చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీలో చేరారు. లోకంలో డాక్టర్లందరి చేతులకీ తొడుగులు చేసిన మనిషి, ఇంటికొచ్చి తన చేతికి ఒక తొడుగు వేసుకున్న పాపాన పోలేదు. అంట్లకీ బట్టలకీ వాకిలికీ అన్నిటికీ ఆ వేళ్లే.

ఇక నా సంగతి. ఊరి చివర చర్మానికి రాసుకునే క్రీములు, సీరంలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటుంది, అందులో మందు కలిపే పని నాది. ముక్కు మీద కోపం కూడా నాదే. ఈ మధ్య ఎవర్ని చూసినా పెప్టైడ్, పెప్టైడ్ అంటున్నారు. ఫోనులో చూస్తారు, నాలుగు సీసాలు తెప్పిస్తారు, నాలుగూ ఒకేసారి పూసుకుంటారు, ముఖం మండితే నా దగ్గరికి వస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం మనవాళ్లకి మహా సరదా. ఈ బాధ పడలేక, తెలుగు సంఘం హాల్లో ఒక ఆదివారం ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఆఫీసులో వేలు పడని వారం అది. మా అత్తగారు వెళ్లి మొదటి వరసలో కూర్చున్నారు.

కొత్తవాళ్లకి అర్థమయ్యేటట్టు చెప్పాలని చూశాను. ప్రోటీన్ అంటే పొడుగాటి పూసలదండ, అందులోంచి తెగిన రెండు మూడు పూసల ముక్క పెప్టైడ్ అన్నాను. దండ తెగింది, కొత్తది గుచ్చమని చర్మానికి కబురు చెప్పేవి కొన్ని ఉంటాయి, బాగుచేసే చోటికి రాగిని మోసుకెళ్లేవి కొన్ని ఉంటాయి. రెండు రకాలూ కలిపి వాడుకోవచ్చు, కానీ మొదట ఒక్కటే మొదలుపెట్టాలి. మోచేతి లోపలివైపు రాసి చూడాలి. మంటా దురదా లేకపోతే, అది అలవాటయ్యాక రెండోది. రెండూ ఒకే రోజు మొదలుపెడితే ఏది పడిందో ఏది పడలేదో బ్రహ్మకి కూడా తెలియదు. పచ్చి పుండు మీద పెట్టకూడదు. పొడి తెప్పించుకుని సూదితో పొడుచుకునేవాళ్ల మాట అసలు వినకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇవి మంత్రాలు కావు, చర్మానికి ఓపిక లేకుండా ఏ మందూ పనిచేయదు.

రాగి సీరం నీలంగా ఉంటుంది. దాని దగ్గరికి పులుపు రానివ్వొద్దు, విటమిన్ సీ లాంటివి వేరే పూట రాసుకోండి అన్నాను. ఎందుకని ఎవరో అడిగారు. పక్కనే పూజకి పెట్టిన రాగి చెంబుంటే ఎత్తి చూపించి, దీన్ని చింతపండుతో తోమితే ఏమవుతుందని అడిగాను. మెరుస్తుందని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఎందుకు మెరుస్తుంది, పులుపు పైపొరని పట్టుకుపోతుంది కాబట్టి, మీ సీరంలో రాగిని కూడా అలాగే పాడుచేస్తుంది అన్నాను. ఆ పోలిక నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంటికొచ్చాక జగదీష్‌కి కూడా చెప్పుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

ఆ రోజు హాలు నుంచి వచ్చే దారిలోనే, కారులో మా అత్తగారు తన బొటనవేలు నా ముందుకి చాపి, ఆ నీలం మందు దీనికి పనిచేస్తుందా అని అడిగారు. నిజమే చెప్పాను. గీతల అచ్చు చర్మం కింది పొరలో ఉంటుంది, పైది అరిగినా అడుగున కొంత మిగిలి ఉండొచ్చు, చేతికి విశ్రాంతి ఇస్తే పైకి రావచ్చు, మందు మహా అయితే చర్మాన్ని మెత్తబరిచి కాస్త సాయం చేస్తుంది అన్నాను. ఆవిడ ఇందులో దేన్ని పట్టుకున్నారో, దేన్ని వదిలేశారో నాకప్పుడు తెలియలేదు. మందు నీలంగా ఉండడం మాత్రం ఆవిడకి బాగా నచ్చింది. కార్డు రంగే కదా అన్నారు.

పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు కబురు చెప్పే పెప్టైడ్ ఒక్కటే, రోజూ పొద్దున. అది పడిందని తేలాక రాత్రిపూట నీలం మందు చేర్చాను. అంట్లు నేను తోముతాననీ, నీళ్లలో చెయ్యి పెట్టాల్సి వస్తే తొడుగు వేసుకోమనీ చెప్పాను. పక్కింటి సుమతి గమత్ నూనె పట్టుకొచ్చింది. సముద్రంలో దొరికే ఒక జీవి నుంచి తీసే నూనె అది, ఇక్కడ దెబ్బ తగిలితే ముందు దాన్నే రాస్తారు. సున్నం, పసుపు, కొబ్బరినూనె, ఆముదం అని మిగతావాళ్లు తలా ఒకటి చెప్పారు. అన్నిటినీ గుమ్మంలోనే ఆపాను. మా అత్తగారు దేనికీ ఎదురుచెప్పలేదు. ఆవిడ అంత బుద్ధిగా వినడం చూసి నేను సంబరపడ్డాను, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం ఆదివారం ఆవిడ వేలిని కిటికీ వెలుగులో పెట్టి భూతద్దంతో చూసేదాన్ని. మొదట్లో వేలి అంచున సన్నటి గీతలు కనిపించాయి. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. మరుసటి వారానికి అవి లేవు. వేలు నున్నగా, ఎర్రగా ఉంది. నీలం మందు తగ్గించాను. మళ్లీ గీతలు లేవు. పొద్దుటిది ఆపి చూశాను. అదే ఎరుపు. ఫ్యాక్టరీలో కలిపినదే తేడా కొట్టిందేమో అనుకుని అక్కడ అందరితో పోట్లాడాను. ఇంట్లో జగదీష్‌తో పోట్లాడాను. అతను మెల్లగా, పోనీ డాక్టరు కాగితం రాయించేద్దామా అన్నాడు. లోపలి గదిలోంచి మా అత్తగారి దగ్గు వినపడింది. ఆవిడ వినాలనే దగ్గారని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక రోజు ఫ్యాక్టరీలో కరెంటు పోయి, మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. ముందు తలుపు తీసి లోపలికి వెళ్తే ఎవరూ లేరు. వెనక వంటింటి గట్టు మీద కుళాయి చప్పుడు. వెళ్లి చూస్తే మా అత్తగారు పీట వేసుకుని కూర్చున్నారు. ముందు గిన్నెలో నానబెట్టిన చింతపండు, కొబ్బరి పీచు, అప్పుడే తోమిన రాగి చెంబు, దాని పక్కన నా నీలం సీసా. సీసాలోంచి ఒక చుక్క బొటనవేలి మీద వేసుకున్నారు. ఆరేదాకా ఊదుకున్నారు. ఆరాక చింతపండు గుజ్జు పెట్టి, పీచుతో ఆ వేలిని తోమడం మొదలుపెట్టారు. చెంబుని తోమినట్టే, బలమంతా పెట్టి.

నాకు ఒళ్లు మండిపోయింది. పీచు లాక్కుని దూరంగా విసిరేశాను. వారాల తరబడి నేను చేసినదంతా ఈవిడ కుళాయి కింద కడిగేస్తోంది. ఎవరు చెప్పారు ఈ పని చేయమని, సుమతేనా అని అడిగాను. ఆవిడ భయపడలేదు. నా అజ్ఞానానికి ఆశ్చర్యపోయారు.

"నువ్వే సెప్పినావు. రాగికి సింతపండు ఎడితే మెరుస్తాదని సెంబు సూపించి మరీ సెప్పినావు కాదేటి. మందులో రాగుంది. అది ఏలి లోనికెల్లినాది. పులుపెట్టి తోమితే గీతలు పైకి రావాలి కదా."

ఆవిడ తడి చెంబుని ఎత్తి, అంచు నా వైపు తిప్పి పట్టుకున్నారు. సుత్తీ ఉలీతో చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. తాతబాబు, సీత. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ చెంబులో నీళ్లు తాగుతున్నాను, ఏనాడూ అంచు తిప్పి చూడలేదు. పెళ్లిలో పెట్టిన చెంబు. ఆవిడకి చదువు రాదు, కానీ అందులో తన పేరు ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి చెప్పగలరు.

"ఇది ముట్టుకోకుండా వదిలేస్తే నల్లగా అయిపోతాది, పేరు అగుపడదు. అంతమాత్రాన పోయినట్టేటి? మురికి కింద ఉంతాది. శుక్కురారం శుక్కురారం తోముతాను, మల్లీ వస్తాది. నా పేరు, కనకా, ఈ దేశంలో ఇంకెక్కడా నేదు, దీని మీదే ఉంది. ఏలు కూడా అలాగే వస్తాదనుకున్నాను."

అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. నాకు ఏడుపొచ్చింది, అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ చింతపండు చేతిని చీర చెంగుకి తుడుచుకుని నా వీపు నిమిరారు. నా మందు పాడైనందుకు ఏడుస్తున్నాననుకున్నట్టున్నారు, సీసాలో ఇంకా ఉందిలే అన్నారు.

కళ్లు తుడుచుకుని ఆవిడ వేలిని నా చేతిలోకి తీసుకున్నాను. మంట పుట్టించేలా ఎర్రగా ఉంది. ఎక్కడా చిట్లలేదు, అదే అదృష్టం.

"మీరన్నది నిజమే అత్తయ్యా, గీతలు పోలేదు, కిందే ఉన్నాయి. మొన్న అంచున పైకి వచ్చాయి కూడా. మీరే తోమేశారు. చెంబు మీది పేరు తోమితే వస్తుంది. వేలి మీది గీతలు తోమకుండా ఊరుకుంటేనే వస్తాయి."

ఆవిడ ఆ మాటని నమ్మలేనట్టు తన వేలి వైపు చూసుకున్నారు.

"ఊరుకుంటే వస్తాదేటి? నానెప్పుడు ఊరుకున్నాను," అన్నారు.

అన్ని మందులూ ఆపేశాను. కబురు చెప్పేదీ ఆపాను, రాగిదీ ఆపాను. ఎర్రబడిన చర్మం మీద ఏది రాసినా అపకారమే. ఉత్త వేజలీన్ రాసి, నూలు తొడుగులు వేసి, ఈ చేతులతో ఏ పనీ చేయొద్దని చెప్పాను. ఎంత తేలికగా చెప్పానో. ఆవిడకి ఆ రోజుల్లో జరిగినంత శిక్ష ఎస్టేటులో కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ కూడా వేసి ఉండడు. కుర్చీలో కూర్చుని, ఒళ్లో రెండు తెల్లటి చేతులు పెట్టుకుని, ఇంట్లో ఒక్కో పనీ వేరేవాళ్లు చేస్తుంటే చూసేవారు. కూరగాయలు నేను లావుగా తరుగుతున్నానని చూపులతోనే చెప్పేవారు. తల నేనే దువ్వేదాన్ని. మొదటి రోజు చెంచాతో తినబోయి, అన్నం రుచే తెలియడం లేదని పళ్లెం తోసేశారు. అప్పుడు పప్పూ అన్నం నా చేత్తో కలిపి ముద్దలు పెట్టాను. సిగ్గుపడుతూ తిన్నారు. తరవాత తరవాత, ఉప్పు చాల్లేదని నోట్లో ముద్ద ఉండగానే దెబ్బలాడేవారు. మా అమ్మకి కూడా నేను ఎన్నడూ అన్నం కలిపి పెట్టలేదు.

చెంబు ఒక్కటి మాత్రం సమస్య అయింది. శుక్రవారం నేను తోముతానని తీయబోతే వద్దన్నారు. అది తన చేత్తోనే తోమాలన్నారు. గూట్లో అలాగే ఉండిపోయింది. రంగు మారింది, తరవాత నల్లబడింది. అక్షరాల చుక్కలు ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. ఆవిడ రోజూ ఆ గూటి ముందు నిలబడి చూసేవారు. నేను ఆదివారం కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూసేదాన్ని. అక్కడ పేరు మాసిపోతుంటే ఇక్కడ వేలి మీద గీతలు వస్తున్నాయి. మొదట అంచున, తరవాత వేలి నడిమి దాకా, సన్నగా, మధ్యమధ్య తెగిపోతూ. చర్మం మళ్లీ శాంతించాక నీలం మందు తెచ్చి రాయనా అని అడిగాను. ఇప్పుడు దాని పని దాన్ని చేసుకోనీ అన్నారు. నేను హాల్లో చెప్పిన పాఠంలో ముఖ్యమైన ముక్క అదే, ఆ రోజు ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఈసారి ఆఫీసుకి జగదీష్ కూడా మాతో వచ్చాడు. మా అత్తగారు మళ్లీ అదే పట్టుచీర కట్టుకున్నారు. కారులో దారంతా తొడుగులు విప్పలేదు. కౌంటరు దగ్గర అదే అమ్మాయి. తొడుగు తీసి కుడి బొటనవేలు గాజుపలక మీద పెట్టారు. యంత్రం కీచుమంది. మా అత్తగారు వేలెత్తి, ఒకసారి దాన్ని చూసుకుని, మళ్లీ పెట్టారు. గట్టిగా నొక్కలేదు. నిద్రపోతున్న పసిబిడ్డ మీద చెయ్యి వేసినట్టు మెల్లగా పెట్టి ఊరుకున్నారు. ఈసారి యంత్రం ఏమీ అనలేదు. ఆ అమ్మాయి తెరని మా వైపు తిప్పింది. నల్లటి గీతలు, సుడిలా తిరిగి, అక్కడక్కడ తెగి. ఎడమది కూడా పడింది. మా అత్తగారు ఆ తెరని చూస్తూ నిలబడిపోయారు. తన వేలు ఎలా ఉంటుందో ఆవిడ అప్పుడే చూశారు. జగదీష్ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

కార్డు అదే రోజు సాయంత్రానికి చేతికొచ్చింది. నీలం కార్డు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాకెట్టులో పెట్టుకున్నారు. ఇంటికి రాగానే చీరైనా మార్చుకోకుండా గూట్లోంచి చెంబు తీశారు. చింతపండు ఏదని అడిగారు.

వేలు ఇంకా లేతగా ఉందనీ, రేపు బ్యాంకులోనో ఇంకెక్కడో మళ్లీ వేలు పెట్టమంటారనీ చెప్పబోయాను. నా మొహం చూసి ఆవిడకే అర్థమైంది.

"ఇంక అరిగిపోనీ అమ్మీ. ఏలి అచ్చు ఆల్ల దగ్గిర ఉంది కదా."

చింతపండు నేనే తెచ్చి నానబెట్టి ఇచ్చాను. కుళాయి తిప్పాను. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పీట మీద కూర్చుని తోమడం మొదలుపెట్టారు. నలుపు కారి, కింద రాగి బయటపడింది. అక్షరాలు ఒక్కొక్కటీ తేలాయి. చదవమన్నారు. చదివాను. తాతబాబు, సీత. మొదటి పేరు దగ్గర వేలు ఆపి, దాన్ని మాత్రం మరోసారి మెల్లగా తోమారు.

"ఈయన ఏలు శానా బాగుండేది. గీతలన్నీ ఉండేవి," అన్నారు. "కాయితమే రానేదు."